నీలిరంగు కంప్యూటరూ, అమ్మ పాత మిషనూ

మా బాబు పడుకున్నాడు. పడుకున్నాడన్న నమ్మకం కుదరక ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసి, ఉయ్యాల పక్కనున్న ఛార్జరు వైరు తీసి అలమర మీద పడేసి, మళ్లీ వచ్చి ఇంకోసారి ఊపిరి చూసి, అప్పుడు గానీ ఇలా రాయడానికి కూర్చోలేకపోయాను. వచ్చే నెల నుంచి ఇంటి దగ్గర నుంచే పని చేసుకోవచ్చునని మా ఆఫీసువాళ్లు దయతలిచారు, అయితే కంప్యూటరు మిషను మాత్రం నేనే కొనుక్కోవాలట. రెండు కనబడుతున్నాయి నాకు. ఒకటి ఏదో కంపెనీ కొన్నేళ్లు వాడి వదిలేస్తే శుభ్రం చేసి అమ్ముతున్న వర్క్‌స్టేషను, ఎంత పెద్ద పనైనా లాగేస్తుందంటున్నారు. రెండోది సరికొత్తది, పెట్టె అంటూ వేరే లేకుండా యంత్రమంతా తెరలోనే ఇమిడిపోయినది, ఒక్క వైరుతో సరి. పాకే పిల్లవాడున్న ఇల్లు కదా, వైర్లు తలచుకుంటే నా మనసు కొత్తదాని వైపు పోతుంది, పని తలచుకుంటే పాతదాని వైపు వస్తుంది. మా ఆయన "నీ ఇష్టం" అని పక్కకు తిరిగి పడుకున్నారు. ఆ మాటంత బరువైన మాట మగవాళ్ల దగ్గర ఇంకొకటి లేదు.

అయితే ఈ రెంటి మధ్య ఊగడం మా ఇంట్లో కొత్త కాదు. ఇరవయ్యో శతాబ్దం చివరి ఎండాకాలాల్లో ఒకదాంట్లో, నాకు ఎనిమిదేళ్లప్పుడు, మా ఇల్లంతా సరిగ్గా ఇలాగే ఊగింది. నా ఈడువాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్లేవాళ్లం, గర్భగుడిలోకి వెళ్లినట్టు. కొండాపూర్ దాటాక బండరాళ్ల మధ్య హైటెక్ సిటీ గుండ్రటి భవనం కొత్తగా లేచింది, ఆదివారాలు జనం స్కూటర్ల మీద వెళ్లి దాన్ని చూసి వచ్చేవారు. మేమూ వెళ్లి చూశాం. గేటు బయట మొక్కజొన్న పొత్తులు తింటూ అద్దాలు లెక్కపెట్టబోయి ఓడిపోయాం.

మాది కర్నూలు వైపు. నాన్నకు పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు పని కావడంతో లింగంపల్లిలో ఒక మేడ మీది రెండు గదుల్లో ఉండేవాళ్లం. నాన్న, అమ్మ, నాన్నగారి అమ్మ అయిన మా అవ్వ, నేను, ఇంకా ఏడాది నిండని తమ్ముడు. అమ్మ డిగ్రీ చదివింది. తమ్ముడు కడుపున పడేదాకా ఊళ్ల పటాలను కంప్యూటర్లో గీసే ఒక ఆఫీసులో పని చేసింది. కాగితం మీది పటాన్ని తెర మీదికి తెచ్చుకుని, ప్రతి బాటనూ వాగునూ గట్టునూ మౌసుతో వంపు వంపునా చుక్కలు పెట్టుకుంటూ మళ్లీ గీయాలి. వినడానికి విసుగు పని. అమ్మకు మాత్రం అదే ప్రాణం. పని మానేసి ఇంట్లో ఉన్న ఆ ఏడాదంతా చపాతీ వంకరగా వస్తే చాలు, ఇది మన కర్నూలు జిల్లా, ఇది మెదక్, ఇదిగో ఈ కాలిన చోట మంజీర, అని నవ్వించేది. ఆ నవ్వు వెనక ఏముందో ఎనిమిదేళ్ల పిల్లకు ఎలా తెలుస్తుంది? ఇప్పుడు, ఆఫీసుకు వెళ్లడం ఆపిన ఇన్ని నెలల తరువాత, బాబు తాగి వదిలేసిన పాలగ్లాసు అంచు మీద వేలితో గీతలు గీస్తున్నప్పుడు నాకు తెలుస్తున్నది.

అలా ఉండగా ఆ ఆఫీసు సోమాజిగూడ నుంచి హైటెక్ సిటీ పక్కకు మారింది. కొత్త చోటుకు కొత్త మిషన్లు తెచ్చుకుని, పాత వర్క్‌స్టేషన్లను పనిచేసినవాళ్లకే అమ్మేస్తామన్నారు. దాంతో పాటు ఇంకో మాట కూడా అన్నారు: ఇంట్లో మిషను పెట్టుకున్నవాళ్లకు పటాలు ఇంటికే ఇస్తారట. ఆ కబురు విన్న రోజు అమ్మ పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. అమ్మ మొహం చూస్తూ అందరం ఆ పప్పే తిన్నాం.

నాన్నకు అభ్యంతరం ఉంది, కంప్యూటరు మీద కాదు, పాతదాని మీద. ఎవరో వాడి పారేసింది మనకెందుకు, రెంటి ధరా ఇంచుమించు ఒకటే అయినప్పుడు కొత్తదే తెచ్చుకుందామని ఆయన పట్టు. అలా మేమంతా ఒక ఆదివారం ఆబిడ్స్‌లో ఒక పెద్ద షోరూముకు వెళ్లాం.

అక్కడ చూశాను దాన్ని. ఎలా చెప్పను? గోళీసోడా సీసాను ఎండకు పట్టుకుంటే లోపల ఒక నీలం మెరుస్తుందే, ఆ నీలం. తెరా యంత్రమూ ఒక్కటే, వెనక గుమ్మడికాయలా గుండ్రంగా ఉంది, పైన ఎత్తి పట్టుకోవడానికి చెయ్యి పట్టే వంపు. ఒంట్లోంచి లోపలి ఇనుప ముక్కలన్నీ నీడల్లాగా కనిపిస్తున్నాయి. మౌసు కూడా నీలమే, గుండ్రంగా, పూరీ అంత. టై కట్టుకున్న అబ్బాయి మీట నొక్కగానే గుడిగంట ఒక్కసారి మోగినట్టు మోగి తెర మీద చేపలు ఈదాయి. చల్లటి ఆ గదిలో నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. అవ్వ దాని నెత్తి మీద చెయ్యివేసి, దిష్టి తగలకుండా ఒక కాటుక చుక్క పెట్టాలని అక్కడే తీర్మానించింది.

అమ్మ మాత్రం ఒకే ఒక్క సంగతి అడిగింది, పటాలు గీసే తమ ఆఫీసు ప్రోగ్రాము ఇందులో నడుస్తుందా అని. అబ్బాయి అన్నీ నడుస్తాయన్నాడు. అమ్మ దాని పేరు చెప్పి మళ్లీ అడిగింది. అతను లోపలికి వెళ్లి ఎవరితోనో ఫోన్లో మాట్లాడి వచ్చి, మొహాన నవ్వు చెదరకుండా, "ఆ ఒక్కటీ తప్ప మేడమ్" అన్నాడు.

బయట ఇరానీ హోటల్లో చాయ్ తాగుతున్నప్పుడు నాన్న, "ఒక్కటే కదే రానిది? మిగతావన్నీ వస్తాయి గదా" అన్నాడు.

అమ్మ ఉస్మానియా బిస్కెట్టును తుంచి తమ్ముడి నోట్లో పెడుతూ, "మనం కొనేది ఇంటికా, పనికా?" అంది.

"ఇంట్లో పెట్టే వస్తువు ఇంటికి పనికిరావద్దా? పాప నేర్చుకుంటుంది, అందరం చూస్తాం. ఆ పాతదాంట్లో ఏముంది, పాటా రాదు, ఆటా రాదు. రేపు చెడిపోతే ఎవర్ని అడుగుతావు?"

నాన్న మాటలో న్యాయం లేకపోలేదు. ఇప్పటికీ అదే న్యాయం నా చెవిలో మోగుతున్నది. అయినా అమ్మ ఊరుకోలేదు, ఆఫీసుకు వెళ్లి తమ ఇన్‌ఛార్జిగారిని బతిమాలింది. ఆవిడ కోస్తా మనిషి, మాట మెత్తన, పని గట్టి. "శుక్రవారం మిషను తీసుకెళ్లండమ్మా. సోమవారానికి ఈ పటం షీటు గీసి తెచ్చి చూపించండి. బావుంటే మిషనూ మీదే, పనీ మీదే. లేకపోతే ఏమీ అనుకోకండి, వరసలో ఇంకొకరున్నారండి" అందట. ఇంట్లో ఒప్పందం కుదిరింది. సోమవారానికి షీటు పూర్తయితే పాతది, కాకపోతే నీలిది. ఏదైనా సరే, మా ఇంటికి కంప్యూటరు వస్తున్నది! నేను కాలనీలో గుమ్మం గుమ్మానికీ వెళ్లి చెప్పివచ్చాను.

శుక్రవారం ట్రాలీ ఆటోలో దాన్ని తెచ్చిన ప్రయాణం నా జన్మలో మరచిపోలేను. తెర ఒక్కటే ఇద్దరు మనుషులు మోసేంత. పైనా కిందా మా షోలాపూర్ దుప్పట్లు చుట్టి, ఒక పక్క నాన్న, ఒక పక్క నేను దాన్ని కౌగిలించుకుని కూర్చున్నాం. కొత్తగూడ దగ్గర రోడ్డు లేనిచోట ఆటో ఎగిరినప్పుడల్లా నాన్న "మెల్లగా నాయనా, మెల్లగా" అని బతిమాలుకోవడం, డ్రైవరు "ఫికర్ చెయ్యకు అన్నా, పిల్లల తల్లిని తీస్కపోతున్నట్టే తీస్కపోత" అనడం, రెండు వైపులా ఏనుగుల్లా పడుకున్న బండలు, మొహానికి కొట్టే వేడిగాలి. పాతదంటే ఇష్టం లేనిదాన్నే అయినా ఆ గంటసేపు ఊరేగింపు వాహనం మీద కూర్చున్నంత సంబరపడ్డాను.

కింది వాటాలో ఉండే ఓనరమ్మ వాకిట్లోనే ఎదురైంది. ఆవిడ పుట్టింది, పెరిగింది ఆ ఊళ్లోనే.

"గిదేంది బిడ్డా, ఫ్రిజ్జా?"

"ఫ్రిజ్జు గాదమ్మా, కంప్యూటరు" అంది అవ్వ గర్వంగా.

"గిదా! మా పిలగాని ఇన్‌స్టిట్యూట్ల గింతంతే ఉంటది. దీనికి గడ్డి గిట్ల వెయ్యాల్నా ఏంది?" అని పకపకా నవ్వి, దాని వెనక వేలాడుతున్న లావాటి వైరు చూడగానే నవ్వాపి, "మీటరు జర చూస్కోండ్రి, కరెంటు బిల్లు నన్నడగొద్దు" అని లోపలికి పోయింది.

అమ్మ ఆ సాయంత్రమే కూర్చుంది. తమ్ముడు వైర్లు పట్టుకోకుండా మంచం అడ్డంపెట్టి, దానికి చీరొకటి కట్టి కోట కట్టినట్టు కట్టింది. తెర వెలుగు పిల్లవాడి కళ్లకు మంచిది కాదని ఎవరో అన్నారట, అందుకు తెర వీపు మా వైపు తిప్పుకుంది. మిషను రొద విమానం లేవబోయేముందు చేసే రొదలా ఉండేది. నేను మంచం మీద మోకాళ్లపై నిలబడి తెర పక్క నుంచి మెడ చాచి తొంగి చూసేదాన్ని. నల్లటి తెర మీద పాత కాగితం పటం మసకగా కనిపిస్తుంటే, అమ్మ చెయ్యి కదిలినచోటల్లా పచ్చగీత ఒకటి ప్రాణం వచ్చినట్టు పాకేది. అమ్మ ముఖం కూడా అలా వెలిగేది. వంటంతా అవ్వ చేసింది, తమ్ముణ్ని నాన్న ఎత్తుకున్నాడు. శనివారం అంతా గీసింది. ఆదివారం మధ్యాహ్నానికి గీత పని అయిపోయింది.

ఇక మిగిలింది మిషను చేయాల్సిన పని. గీతలన్నీ ఒకదానికొకటి అంటుకున్నాయా, ఎక్కడైనా సందు ఉందా అని మొత్తం పటాన్ని అదే సరిచూసుకుని, సందున్న చోట ఎర్రటి సున్న చుట్టి చూపించాలి. దానికి చాలాసేపు పడుతుంది. అమ్మ ఆ పని మొదలుపెట్టి, తమ్ముడికి పాలిస్తూ పక్కగదిలో అలాగే కునికింది.

మా కాలంలో ఇంట్లో ఏ యంత్రమూ ఒంటిమీద గుడ్డ లేకుండా ఉండేది కాదు, గుర్తుందా? టీవీకి కుచ్చుల తెర, ఫ్రిజ్జుకు పూలగుడ్డ, మిక్సీకి గలీబు, ఆఖరికి టెలిఫోనుకు కూడా దారంతో అల్లిన చిన్న టోపీ. యంత్రాన్ని వాడగానే కప్పకపోతే ఇంటి ఇల్లాలు పనిమంతురాలు కాదన్నమాట. అవ్వ వచ్చి చూసింది. ఎవరూ ముట్టుకోక తెర దానంతటదే నల్లబడి ఉంది. రెండు రోజులుగా రొదకు అలవాటుపడిన చెవికి అది పట్టలేదు, ఆపేశారనుకుంది. ఎండాకాలపు దుమ్ము కిటికీలోంచి వస్తున్నది. పాపం అంత విలువైన వస్తువు! షోలాపూర్ దుప్పటి తెచ్చి నిలువునా కప్పి, మూలలు కింద దోపి, కోడలికి ఒక పని తగ్గించానన్న తృప్తితో వెళ్లి పడుకుంది.

అమ్మ లేచి వచ్చేసరికి గదిలో చప్పుడు లేదు. నిశ్శబ్దానికి ఒక మనిషి భయపడటం అప్పుడే మొదటిసారి చూశాను. దుప్పటి తీసి పక్కన పడేసి, మీటలు నొక్కింది, మౌసు కదిపింది, వెనక్కి వెళ్లి వైరు పీకి పెట్టింది. చలనం లేదు. నాన్న వచ్చాడు. ఎలా తెలిసిందో ఓనరమ్మ కూడా మెట్లెక్కి వచ్చేసింది.

"పాతదంటె పాతదే బిడ్డా. పరేషాన్ గాకు. నేను ముందుగాల్నే అనుకున్న."

నాన్న ఎత్తిపొడవలేదు, అది ఆయన మంచితనం. "పోనీలే. రేపు ఆబిడ్స్ పోదాం" అన్నాడు మెల్లగా. నాకు లోపల చేపలు ఈదాయి, గుడిగంట మోగింది. ఆ నీలం మా గదిలో ఎక్కడ పెడితే బాగుంటుందో కూడా ఆలోచించేశాను. అంతలో అమ్మ వైపు చూశాను. అమ్మ కుర్చీలో కూర్చోలేదు, నిలబడీ లేదు, కుర్చీ వీపు పట్టుకుని వంగి ఉంది. సోమవారం పోతే ఆ వరసలో ఇంకొకరున్నారు. ఆ తరువాత మళ్లీ పటం అనేది చపాతీలోనే.

వంగినదల్లా పెట్టె మీద చెయ్యి ఆనించబోయి చటుక్కున వెనక్కి తీసుకుంది. దోసె పెనంలా కాలుతోందట. నేల మీది దుప్పటి వైపు చూసింది.

"ఇది ఎవరు కప్పినారు?"

అవ్వ గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనేమ్మే. తెర నల్లగుంటే నువ్వు ఆపేసినావనుకుంటి. దుమ్ము పడతాందని కప్పితి. ఏమైంది? సచ్చిపోయిందా?"

అమ్మ ఫక్కున నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు వచ్చాయి. మాకెవరికీ అర్థం కాలేదు. "సావలేదు అత్తా, ఊపిరాడక మూర్ఛపోయింది! మిషను మంచిదే, అదే ఆగిపోయింది కాలిపోకుండా!" అని టేబుల్ ఫ్యాను లాగి దాని ముందు పెట్టింది. కిటికీలు తెరిచింది. నాన్నను మూత విప్పమంది. ఇక ఎదురుచూపు. చల్లారేదాకా ముట్టుకోవద్దని అమ్మ ఆజ్ఞ. ఆపరేషన్ గది బయట కూర్చున్నట్టు అందరం మంచం అంచున వరసగా కూర్చున్నాం, మధ్యలో ఓనరమ్మ, ఆవిడ ఒడిలో మా తమ్ముడు. ఏమీ పట్టనివాడు వాడొక్కడే, ఆవిడ గాజులు కొరుకుతున్నాడు.

అమ్మ మీట నొక్కింది. కుయ్యిమంది. మళ్లీ విమానం రొద మొదలైంది. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు జలజలా జారుతూ ఒకచోట ఆగిపోయాయి, ఏదో అడిగింది అది. అమ్మ పెదవి కొరుక్కుని ఏదో నొక్కింది. మళ్లీ అక్షరాలు జారాయి. ఆ జారడం ఆగదేమో, జన్మంతా ఇలా అక్షరాలే వస్తాయేమో అనుకుంటుండగా, ఒక్కసారిగా పచ్చగీతల పటం తెర నిండా లేచి నిలబడింది. గీసినది గీసినట్టే ఉంది. నేను గట్టిగా అరిచాను. నాన్న కూడా అరిచాడు. ఓనరమ్మ "అమ్మో అమ్మో, బతికింది పో!" అని తమ్ముణ్ని గాలిలోకి ఎగరేసింది. నీలి కంప్యూటరు కావాలనుకున్నదాన్ని నేను అరవడమేమిటో ఆ నిమిషాన నాకే తెలియలేదు.

సరిచూసే పని మొదటి నుంచి మళ్లీ నడపాల్సి వచ్చింది. ఈసారి అమ్మ పక్కనే కూర్చుంది, ఫ్యాను తిరుగుతూనే ఉంది. అవ్వకు ఫ్యాను మీద నమ్మకం చాలలేదు. విసనకర్ర తెచ్చుకుని, పీట వేసుకుని, జ్వరం వచ్చిన బిడ్డకు విసిరినట్టు ఆ బూడిద రంగు పెట్టెకు విసురుతూ కూర్చుంది. "నీ పుణ్యముంటాది, ఈ పొద్దుకు ఓర్చుకో సామీ" అని దానితో మాట్లాడింది కూడా. ఎర్ర సున్నలు అక్కడక్కడా వచ్చాయి. వచ్చిన ప్రతిదాన్నీ అమ్మ దగ్గరకు లాక్కుని, సందు పూడ్చి, మళ్లీ సరిచూసింది.

సోమవారం నాన్న సెలవు పెట్టి, పటాన్ని ఫ్లాపీల్లోకి ఎక్కించుకున్న అమ్మను స్కూటరు మీద తీసుకువెళ్లాడు. నేనూ అవ్వా పిట్టగోడ దగ్గర నిలబడ్డాం. ఎండకు కళ్లు చిట్లించుకుని సందు మలుపు వైపే చూస్తున్నాం. అవ్వ తాను చేసిన పని వల్ల ఏమవుతుందోనని మాటిమాటికీ ముక్కుపుడక తిప్పుకుంటున్నది. చివరికి స్కూటరు మలుపు తిరిగింది. వెనక కూర్చున్న అమ్మ చంకలో, తుపాకీలా పొడుగ్గా, చుట్టిన కాగితాల కట్ట ఉంది. వెళ్లేటప్పుడు అది లేదు. కొత్త షీట్లు! నేను ఒక్కో అంగలో రెండేసి మెట్లు దూకుతూ కిందికి పరుగెత్తాను. సగం మెట్ల మీద గుర్తొచ్చింది, అయితే ఇక నీలిది రాదన్నమాట. గుర్తొచ్చినా కాళ్లు ఆగలేదు.

తరువాత చాలా ఏళ్లు ఆ మిషను మా ఇంట్లో రొద పెట్టింది. దాంట్లో నేను ఒక్క ఆటా ఆడలేదు. బదులుగా ఎండాకాలం సెలవుల్లో అమ్మ వెనక నిలబడి పటం చదవడం నేర్చుకున్నాను, దగ్గర దగ్గరగా ఒకదాంట్లో ఒకటి ఇమిడిన గీతలుంటే గుట్ట అనీ, నీలం చుట్టు ఉంటే కుంట అనీ, చుక్కల గీత పశువుల బాట అనీ. రాయదుర్గం, గోపనపల్లి, నానక్‌రామ్‌గూడ, ఇవన్నీ నేను కళ్లారా చూడకముందే అమ్మ తెర మీద పచ్చగీతలుగా చూశాను. ఏదైనా సందేహం వస్తే ఆదివారం నాన్న స్కూటరు తీసేవాడు, అమ్మ నన్నూ వెంటబెట్టుకుని వెళ్లి ఆ కుంట ఇంకా ఉందో లేదో చూసి వచ్చేది. ఉంటే చేతులు కడుక్కునేవాళ్లం దాంట్లో.

ఆ మిషను ఎప్పుడో పాత సామాన్లవాడికి పోయింది. అమ్మ గీసిన పటాలు ఏ అలమరలో ఉన్నాయో, వాటిని తెరిచే యంత్రం ఇంకా ఎక్కడైనా ఉందో లేదో తెలియదు. గుట్టలు పోయాయి, పశువుల బాటలు పోయాయి, అవ్వ పోయింది. ఇప్పుడు యంత్రాలకు ఎవరూ గుడ్డలు కప్పడం లేదు, ఒక యంత్రం ఆగిపోతే నలుగురు మెట్లెక్కి వచ్చి మంచం అంచున కూర్చోవడమూ లేదు. మేము నానక్‌రామ్‌గూడలో పదహారో అంతస్తులో ఉంటున్నాం. వాన గట్టిగా పడిన ప్రతిసారీ కింద గేటు దగ్గర మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. అపార్టుమెంటువాళ్లంతా ఫోన్లలో బిల్డరునూ మున్సిపాలిటీనీ తిట్టుకుంటారు. మొన్న వానకు అమ్మ మా ఇంట్లోనే ఉంది. మనవణ్ని చంకనేసుకుని బాల్కనీలోంచి వంగి చూసి, కార్ల మధ్య గుండ్రంగా నిండిన ఆ నీళ్లను చూపుడువేలితో గాలిలో ఒక చుట్టు చుట్టి, "పాపం, ఎవర్ని తిట్టి ఏం లాభం? కుంట గదా అది. దాని చోటికి అది వచ్చింది" అంది.